మొదటి పొరుగు

మధ్యాహ్నం రెండు దాటింది. గ్రాదా ఇంకా రాలేదు.

తల్లి యొహన్నా తెల్లవారుజామున పోయింది. కొడుకుగా గెర్హార్డ్ తను చెయ్యవలసినవన్నీ చేశాడు. గోడగడియారం ఆపాడు, అద్దం మీద దుప్పటి కప్పాడు, కిటికీ తెరలు దించాడు. కొట్టంలోకి వెళ్లి ఆవులకి కూడా మెల్లిగా ఆ మాట చెప్పి వచ్చాడు. ఏడింటికి టోపీ చేత్తో పట్టుకుని, మంచు పట్టిన గడ్డిలోంచి అడ్డంపడి వెళ్లి, మొదటి పొరుగైన గ్రాదా మొగుడు బెరెంట్ తలుపు తట్టాడు.

చావు కబురు ఇంటివాళ్లు చెప్పవలసింది ఆ ఒక్క గడపకే. అక్కడి నుంచి అంతా మొదటి పొరుగువాళ్ల పని. పల్లెకంతా కబురు చెప్పడం, చర్చి గంట కొట్టించడం, వడ్రంగికి కొలతలివ్వడం, పోయిన మనిషిని కడిగి బట్టలు కట్టడం, పెట్టె మొయ్యడానికి ఆరుగురిని పిలవడం, అన్నీ వాళ్లవే. ఇంటివాళ్లు కూర్చుని ఏడవాలి. శవం మీద వాళ్ల చెయ్యి పడకూడదు.

ఏడవడం పొద్దున్నే అయిపోయింది. ఇక కూర్చోవడమే మిగిలింది.

వంటింటి బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. పెద్దది అలైడా, నల్లపట్టు గౌను, చెవులకి ముత్యాలు. రెండోది రీకా, నలభై ఆరేళ్లొచ్చినా పెళ్లిలేక తల్లిని అంటిపెట్టుకున్న మనిషి. ఆఖరివాడు గెర్హార్డ్. బల్ల మీద కాఫీ చల్లారి తొరక కట్టింది.

"ఏమన్నాడు బెరెంట్?" అని అలైడా మూడోసారి అడిగింది.

"చెప్పాగా అక్కా. ఏమీ అన్లేదు. టోపీ తీశాడు. తలుపేసుకున్నాడు."

"తలుపేసుకోవడమేంట్రా?"

"వేసుకున్నాడు అంతే. నేనేం చెయ్యను, బద్దలుకొట్టనా?"

తెరల సందులోంచి రోడ్డు కనిపిస్తోంది. సైకిల్ మీద పోతున్న ఓ ముసలావిడ ఆ దించిన తెరలకేసి చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. మొదటి పొరుగు వచ్చి చెప్పేదాకా ఈ చావు పల్లెలో ఎవరికీ తెలియదు. అంటే అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు. తెలియని చావుకి ఎవరు వస్తారు?

రీకా మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. గ్రాదా ఎందుకు రాలేదో ఆ బల్ల దగ్గర తెలిసింది ఆమెకే.

అలైడా హేగ్ నగరంలో ఉంటుంది. పద్నాలుగు నవలలు రాసింది, అన్నీ వారపత్రికలో సీరియళ్లుగా వచ్చినవే. దేశంలో ఆమె పేరు తెలియని వంటిల్లు లేదు. నిన్న రైల్లో వస్తుంటే టికెట్లు చూసే మనిషి ఆమెని గుర్తుపట్టి, "అమ్మా, వచ్చేవారమైనా ఆ పిల్లకి పెళ్లి చేస్తారా, మా ఆవిడ నిద్రపోవడం లేదు" అన్నాడట. తల్లి ఆఖరి శ్వాస తీస్తున్న ఇంట్లోకి అడుగుపెడుతూ ఆమె చెప్పిన మొదటి కబురు అదే.

ఆ నవలలన్నీ పొలాల కథలు, కొట్టాల కథలు, అత్తాకోడళ్ల కథలు. అలైడా పాలు పితికి ముప్ఫై ఏళ్లయింది. అయినా ఆమె కథల్లో బిందెలో పాలు ఇంకా నురగ కడుతూనే ఉంటాయి. ఆ నురగ రీకాది. ప్రతి ఆదివారం పూజ నుంచి రాగానే రీకా ఇదే బల్ల దగ్గర కూర్చుని ఎనిమిది పేజీల ఉత్తరం రాస్తుంది. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగింది, ఎవరు ఎవరిని ఏమన్నారు. గురువారానికి జవాబొస్తుంది. "ఇంకా రాయి బంగారం. నీ ఉత్తరం రాకపోతే నా చెయ్యి ఆడదు." రీకాని బంగారం అన్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు.

కథలో పెట్టకూడని సంగతులుంటే ఆ పేజీ పైన రీకా "ఇది నీకు మాత్రమే" అని రాసి కింద గీత గీసేది. అక్క ఆ గీతని ఎప్పుడూ దాటలేదు. ఆ ఒక్క ఉత్తరంలో రీకా గీత గియ్యలేదు.

మరిచిపోయిందా? మరిచిపోయానని ఐదువారాలుగా తనకి తను చెప్పుకుంటోంది.

వారపత్రిక కొత్తది కొనుక్కునే స్తోమత ఈ పల్లెలో ఎవరికుంది? నాలుగైదు పత్రికలు గట్టి అట్టలో పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. మొదటివారం డాక్టరుగారిల్లు, తరవాత బడిపంతులుగారిల్లు, అలా చేతులు మారి మారి, అంచులు నలిగి, ఐదోవారానికి అది గ్రాదా ఇంటికి వస్తుంది. గ్రాదా నుంచి ఇక్కడికి. అక్క టపాలో పంపిన కొత్త ప్రతి రీకా ముందే చదివింది. చదివిన రోజు నుంచీ అట్ట ఏ ఇంట్లో ఉందో వేళ్లమీద లెక్కపెట్టుకుంటోంది. పదకొండు రోజుల కిందట అది గ్రాదా గుమ్మం ఎక్కింది.

"ఇలా ఎంతసేపు?" అలైడా కుర్చీ వెనక్కి జరిపింది. "పట్నంలో ఇలాంటివన్నీ చూసే మనుషులుంటారు. పోస్టాఫీసు నుంచి ఫోన్ చేస్తే గంటలో నల్లకారు వస్తుంది. వాళ్లే కడుగుతారు, వాళ్లే కడతారు, వాళ్లే మోస్తారు. చక్కగా, మర్యాదగా."

గెర్హార్డ్ ఆమెకేసి అర్థంకానట్టు చూశాడు.

"అమ్మనా? కారులోనా?"

"ఏం, కారుకేమైంది? హేగ్‌లో అందరూ అలాగే పోతారు."

"హేగ్‌లో పక్కింట్లో ఎవరున్నారో తెలియదు కాబట్టి పోతారు. ఈ పల్లెలో అమ్మ కడగని శవం ఉందా? యాభై ఏళ్లు కడిగింది. విషజ్వరం పడ్డ ఇంట్లోకి ఫాదర్ కూడా ముక్కు మూసుకుని వెళ్లిన రోజుల్లో తను వెళ్లింది. అలాంటి మనిషిని మొయ్యడానికి ఆరుగురు దొరకలేదని డబ్బిచ్చి కిరాయికి తెచ్చుకోమంటావా? నేను తలెత్తుకుని ఏ పొలంలో తిరగను?"

"అయితే అమ్మని అలాగే ఉంచు. నీ తల ఎత్తుకోవడానికి."

"అక్కా!" అంది రీకా.

"నువ్వు మాట్లాడకు. చేతులు అప్పుడే బిగుసుకుపోయాయి, చూశావా? ఇంకో రెండు గంటలైతే జపమాల పట్టుకోవడానికి వేళ్లు విప్పలేరు. ఆచారం, ఆచారం. ఆచారం పాటించేవాళ్లు రావాలిగా మరి?"

"అదే నేనూ అడుగుతున్నా," అన్నాడు గెర్హార్డ్. అతను నెమ్మది మనిషి, ఒక మాట నోటి నుంచి రావడానికి పూటపడుతుంది. "ఎందుకు రాలేదు? మనకీ వాళ్లకీ గట్టుతగువు లేదు, గొడ్డుతగువు లేదు. మొన్నటిదాకా అమ్మకి గ్రాదా పిన్నే సూపు తెచ్చి తాగించింది. పదిరోజులై మానేసింది. ఏం జరిగింది? రీకా, నీకేమైనా తెలుసా?"

రీకా చల్లారిన కాఫీలో చెంచా తిప్పింది.

అలైడా ఒక నిట్టూర్పు విడిచింది, క్లాసులో మొద్దుపిల్లాడికి పాఠం చెప్పబోయే ముందు పంతులమ్మ విడిచినట్టు. "కథ గురించి అయి ఉంటుంది. నడుస్తున్న సీరియల్లో ఒక సంఘటన ఉంది. చదివి అది తన గురించే అనుకుని ఉంటుంది. జనం ఎప్పుడూ అంతే, ప్రతి కథలో తమ మొహమే చూసుకుంటారు."

"ఏం సంఘటన?"

"ఒక ఆడమనిషికి చచ్చిన బిడ్డ పుడుతుంది. జ్ఞానస్నానం కాని బిడ్డ, చర్చి భూమిలో పూడ్చనివ్వరు, కంచె అవతల పూడ్చాలి. అదే వారం ఆమె మామగారు పోతాడు. శవాన్ని కడగడానికి వచ్చిన పొరుగావిడ ఆ బిడ్డని ఒక గుడ్డలో చుట్టి ముసలాయన కాళ్ల దగ్గర, పెట్టెలో దాచేస్తుంది. కంచె అవతల పూడ్చే చిన్నపెట్టెలో బిడ్డ బదులు ఒక కట్టెముక్క పెడుతుంది. మొగుడికి తెలియదు, ఫాదర్‌కి తెలియదు. ఇద్దరాడవాళ్లకే తెలుసు." అలైడా గొంతు తనకి తెలియకుండానే కథ చెప్పే గొంతయిపోయింది. "ఎన్ని ఉత్తరాలొచ్చాయో తెలుసా దానికి? ఏడ్చామని రాశారు."

గెర్హార్డ్ చాలాసేపు బల్లకేసి చూశాడు.

"బెరెంట్ వాళ్ల నాన్న పోయినప్పుడు," అన్నాడు చివరికి, "పెట్టె ముందు శిలువ పట్టుకుని నడిచింది నేనే. జనవరి. నేల రాయిలా గడ్డకట్టింది. గ్రాదా పిన్ని మంచం మీదే ఉంది, లేవలేదు."



"అందుకా? ఏటా ఆత్మల పండుగనాడు పూజవగానే బెరెంట్ కంచె అవతలికి వెళ్లి టోపీ తీసి నిలబడతాడు. ఒక్కడే. వానైనా, మంచైనా. ఇరవై ఎనిమిదేళ్లుగా చూస్తున్నా. మొన్న వెళ్లలేదు. తిన్నగా సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా." అతను అలైడాకేసి తిరిగాడు. "కట్టెముక్కకా అక్కా? ఇన్నేళ్లూ ఆయన దండం పెట్టింది కట్టెముక్కకా?"

"నేను పెట్టించానా? నాకేం సంబంధం? నేను కథ రాశాను."

"నీకెవరు చెప్పారు?"

"రాసేవాళ్లకి ఎక్కణ్ణుంచో వస్తాయిలే. గాల్లోంచి వస్తాయి."

"గాల్లోంచి ఇంత కచ్చితంగా వస్తాయా?"

రీకా చెంచా పక్కన పెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట పెదవి దాటలేదు, కలం దాటింది. నిరుడు చలికాలం తల్లికి జ్వరం తలకెక్కి, రీకాని ఫాదర్ అనుకుని, పాపసంకీర్తనం చేసినట్టు మెల్లగా చెప్పుకుంది. "తండ్రీ, ఆ పసిగుడ్డుని దొంగతనంగా పెట్టాను, నీలిగళ్ల గుడ్డలో చుట్టాను, తప్పయితే నాది, గ్రాదాది కాదు." రీకా గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆదివారం వచ్చేసరికి కడుపు ఉబ్బిపోయి రాసేసింది. రాస్తున్నప్పుడు ఏడ్చింది కూడా. ఏడుస్తూనే, ఈ గురువారం జవాబు ఎంత పెద్దది వస్తుందో అనుకుంది.

పత్రికలో అచ్చయినప్పుడు ఆ నీలిగళ్ల గుడ్డ తను రాసినట్టే ఉంది. అక్క ఒక్కమాట మార్చలేదు. అది చూసి రీకాకి ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పెరటివైపు చెక్కబూట్ల చప్పుడైంది. ముగ్గురూ ఒకేసారి లేచారు.

గ్రాదా బూట్లు గుమ్మం బయట విడిచి, ఉన్ని మేజోళ్లతో లోపలికొచ్చింది. పొట్టిమనిషి, గట్టిమనిషి. ఒక చేతి మీద ఇస్త్రీచేసిన తెల్ల ఏప్రన్, ఇంకో చంకలో పత్రికల అట్ట. అయ్యోపాపం అనలేదు, చెయ్యి కలపలేదు. అట్ట బల్ల మీద పెట్టింది.

"నా వారం ఎప్పుడో అయిపోయింది," అంది. "ఇక మీది."

"పిన్నీ," అన్నాడు గెర్హార్డ్, "వచ్చావు, దేవుడిలా..."

"నీకోసం రాలేదురా. నీళ్లు కాగాయా?"

ఏప్రన్ కట్టుకుని పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రీకా వేడినీళ్లు తీసుకెళ్లి గడప దగ్గర పెట్టి వచ్చింది. కాసేపటికి లోపలినుంచి మాటలు వినిపించాయి. పోయినవాళ్లని కడిగేవాళ్లు వాళ్లతో మాట్లాడుతూ కడుగుతారు, భయపడకుండా.

"చెయ్యి ఇవ్వక్కా. అలా బిగపట్టకు. నేనే, గ్రాదాని. ఆలస్యమైంది, ఏమనుకోకు... ఈ భుజమేనా నొప్పి అనేదానివి? అదిగో. ఇక నొప్పి లేదుగా."

గెర్హార్డ్ మొహం గోడవైపు తిప్పుకుని, పొద్దున అయిపోయిందనుకున్న ఏడుపు మళ్లీ మొదలుపెట్టాడు. అలైడా కళ్లు కూడా తడిశాయి. కానీ ఆమె మెడ కాస్త చాచి వింటోంది. ఆ మెడ రీకాకి బాగా తెలుసు. చిన్నప్పుడు పెద్దవాళ్లు గుసగుసలాడుతుంటే తలుపు దగ్గర ఇలాగే చాచేది.

తలుపు తెరుచుకుంది. "ఆడపిల్లలిద్దరూ లోపలికి రండి."

"పిన్నీ, ఇంటివాళ్లు రాకూడదు కదా," అన్నాడు గెర్హార్డ్.

"నువ్వు కూర్చో."

తల్లికి నల్ల పండుగబట్టలు కట్టి ఉన్నాయి. ముఖం శుభ్రంగా, ఎవరో పరాయి మనిషిలా ఉంది. తెల్లజుట్టు విప్పి తలగడ మీద పరిచి ఉంది. గ్రాదా దువ్వెన తీసుకుని మంచం పక్కన కూర్చుని, రెండు పాయల్లో ఒకటి అల్లడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే మాట్లాడింది.

"బెరెంట్‌కి అక్షరాలు ఆనవు. రాత్రి జపమాల అయ్యాక సీరియల్ నేనే చదివి వినిపిస్తాను. పద్నాలుగేళ్లుగా నీ కథలు నా గొంతుతోనే విన్నాడు. మన యొహన్నక్క కూతురు రాసిందని ఎంత గర్వమో. నేను తడబడితే మందలించేవాడు, సరిగ్గా చదవవే అని."

అలైడా ఏదో అనబోయింది.

"ఆగు. ఆ రోజు కూడా చదువుతున్నా. ముసలాయన పోయాడు, బాగానే ఉంది. పొరుగావిడ వచ్చింది, బాగానే ఉంది. నీలిగళ్ల గుడ్డ దగ్గరకొచ్చేసరికి నా నోరు పడిపోయింది. పేజీ తిప్పేద్దామనుకున్నా. చదువు, అన్నాడు. తలనొప్పిగా ఉందన్నా. చదువు గ్రాదా, అన్నాడు. చదివాను. నా కడుపు సంగతి నా నోటితో నేనే నా మొగుడికి చదివి వినిపించాను, నువ్వు రాసిన మాటల్తో."

దువ్వెన జుట్టులో మెల్లగా దిగింది.

"అంతా విని ఒక్కటే అడిగాడు. ఆ వారం మా అమ్మ నీలిగళ్ల గుడ్డ కనపడక ఇల్లంతా వెతికింది, గుర్తుందా, అన్నాడు. అంతే. నాతో మాట్లాడి పదకొండు రోజులైంది."

"గ్రాదా పిన్నీ," అంది అలైడా, "నేను పేర్లు మార్చాను. ఊరు మార్చాను. ఎవరికీ తెలిసే..."

"పేర్లు నాకెందుకే? పల్లెలో ఎవరేమనుకున్నా నేను పడతాను. రేపు ఫాదర్ వచ్చి ముసలాయన గుంత తవ్విస్తానంటే ఆయన కాళ్ల మీద పడతాను. నాకొకటే కావాలి. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేనూ, ఈ మనిషీ. శిలువ మీద చెయ్యేసి చెప్పుకున్నాం, చచ్చేదాకా నోరెత్తమని. నేనెత్తలేదు." ఇప్పుడు తలెత్తింది. "నీకెవరు చెప్పారు?"

అలైడా రీకావైపు చూసింది. ఒక్క చూపు. ఆ చూపులో అన్నీ ఉన్నాయి, ఆదివారాలూ, ఎనిమిది పేజీలూ, బంగారమూ. తరవాత అలైడా గ్రాదావైపు తిరిగి, మెత్తగా, చాలా చక్కటి గొంతుతో చెప్పింది.

"అమ్మే చెప్పింది."

గ్రాదా చెయ్యి ఆగిపోయింది.

అటువైపు పాయ అల్లడం పూర్తయింది. ఇటువైపు జుట్టు విడిగానే ఉంది. ఆ సగం దువ్విన తలకేసి గ్రాదా చూసింది, ముప్ఫైఏళ్ల స్నేహితురాలిని మొదటిసారి చూస్తున్నట్టు.

"నువ్వేనా అక్కా?" అంది. "కూతురి కథ కోసమా?"

దువ్వెన మంచం మీద పెట్టింది. పైకి మడిచిన గౌను చేతులు కిందికి దింపుకుంది. ఏప్రన్ ముడి విప్పడం మొదలుపెట్టింది.

రీకాకి అప్పుడు అర్థమైంది. గ్రాదా ఈ గుమ్మం దాటితే ఇక ఎవరూ రారు. గంట మోగదు. యాభై ఏళ్లు పల్లెలో అందరినీ కడిగిన తల్లి సగం జడతో, ఇచ్చిన మాట తప్పిన మనిషిగా, నల్లకారులో పోతుంది. తనొక్కతే నోరు విప్పకపోతే చాలు, తనకేమీ కాదు. రేపు అక్క హేగ్ వెళ్లిపోతుంది, తమ్ముడు పొలానికి పోతాడు, గురువారం గురువారం ఉత్తరమొస్తుంది.

గ్రాదా గడియ మీద చెయ్యి వేసింది.

"అమ్మ కాదు పిన్నీ. నేను."

గ్రాదా వెనక్కి తిరగలేదు.

"అమ్మకి జ్వరమొచ్చింది. స్పృహ లేదు. నన్ను ఫాదర్ అనుకుని చెప్పుకుంది. తప్పయితే నాది, గ్రాదాది కాదు అంది. అమ్మ మాట తప్పలేదు. నేను ఉత్తరంలో రాశాను."

"కథలో పెట్టొద్దని అయినా రాశావా, దీనికి?" గ్రాదా ఇటు తిరిగి అలైడావైపు గడ్డంతో చూపించింది.

అబద్ధమాడడానికి రీకాకి ఇదే ఆఖరి అవకాశం. "లేదు," అంది. "అన్నిసార్లూ రాస్తాను. ఆసారి రాయలేదు."

"మరిచిపోయావా?"

"లేదు పిన్నీ. మరిచిపోలేదు."

కొట్టంలో ఆవొకటి గొలుసు లాగింది. గ్రాదా గడియ వదిలేసి వచ్చి, మళ్లీ మంచం పక్కన కూర్చుంది. దువ్వెన తీసుకుంది.

"విన్నావా అక్కా," అంది శవంతో, "నువ్వు కాదట. నన్ను క్షమించు." రెండో పాయ అల్లింది. రెండు జడలూ తలచుట్టూ తిప్పి పిన్నులు పెట్టింది. బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటే వేడిగుడ్డతో మెత్తబరిచి, విప్పి, జపమాల చుట్టింది. రీకా, అలైడా గోడకి ఆనుకుని నిలబడే ఉన్నారు. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు.

పని అయ్యాక గ్రాదా నుదుటి మీద శిలువగుర్తు వేసి, చేతులు తుడుచుకుని, వంటింట్లోకి వచ్చింది. గెర్హార్డ్ లేచి నిలబడ్డాడు.

"గంట కొట్టమని చెప్పి వస్తాను," అంది అతనితో. "వడ్రంగి సాయంత్రం వస్తాడు. శనివారం పదింటికి పెట్టె ఎత్తుతాం. ఐదుగురిని నేను పిలుస్తాను, వాళ్లు రాక చస్తారా, నేనడిగితే వస్తారు. ఆరోభుజం బెరెంట్‌ది. మొదటి పొరుగు ముందు భుజం పెట్టకుండా పెట్టె గుమ్మం దాటదు, నీకు తెలుసుగా."

"వస్తాడా పిన్నీ?"

"నాకేం తెలుసురా? నేనిక్కడికి వస్తున్నానని చెప్తే గోడకేసి చూశాడు. అడుగుతాను. జవాబిస్తే నీకు చెప్తాను."

రీకా ఆమె వెనకే పెరటి గుమ్మందాకా వెళ్లింది. గ్రాదా వంగి చెక్కబూట్లు తొడుక్కుంది. వంగినప్పుడు మూలిగింది. నడుము నొప్పి, వయసు. రీకా ఆమెని పట్టుకోబోయి చెయ్యి చాచింది. గ్రాదా ఆ చేతికేసి చూసింది.

"నాకంటే నువ్వు చిన్నదానివి," అంది, పక్కనున్నవాళ్లకి కూడా వినపడనంత నెమ్మదిగా. "నేనే ముందు పోతాను. అప్పుడు ఆచారం ప్రకారం, మా మొదటి పొరుగుగా, నీకే కబురొస్తుంది. రావద్దు. నన్ను ఎవరూ కడక్కపోయినా ఫర్వాలేదు. నా జుట్టు మీద నీ చెయ్యి పడకూడదు."

కోపంగా అనలేదు. రేపు పాలు ఎక్కువ పోయించుకోవద్దని చెప్పినట్టు చెప్పి, పొలానికడ్డం పడి వెళ్లిపోయింది.

రీకా గుమ్మంలోనే నిలబడింది. వెనక నుంచి పట్టుగౌను గరగర వినిపించింది.

"పిచ్చిదానా," అంది అలైడా, చెల్లెలి భుజమ్మీద చెయ్యేసి. "నీకోసమే అన్నాను అలా. పోయిన మనిషికి పోయేదేముంది? నువ్వు ఇక్కడ బతకాలి కదా. ఎందుకు నోరు జారావు?"

అక్క ప్రేమగానే అంది. అదే భరించడం కష్టంగా ఉంది.

దూరంగా చర్చి గంట మొదలైంది. ఆడమనిషికి మూడు, ఆగి మళ్లీ మూడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ పక్కింటిదీ. పల్లెకి చావు తెలిసింది.

"రీకా," అంది అలైడా కాసేపాగి. గొంతు తగ్గించింది. "వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నీతో ఏదో అంది కదా. నాకు సరిగ్గా వినపడలేదు. ఏమంది?"

రీకా తిరిగి చూసింది. అక్క కళ్ల చుట్టూ ఎర్రగా ఉంది, నిజంగానే ఏడ్చిన కళ్లు. మెడ మాత్రం కాస్త ముందుకి చాచి ఉంది.

ఇరవై ఏళ్లలో అక్క అడిగితే రీకా చెప్పనిది లేదు.

"ఏమీ అన్లేదు," అంది.

అలైడా ఇంకా ఎదురుచూస్తోంది. రీకా ఆమె పక్కనుంచి లోపలికి వెళ్లి, తల్లిని కడిగిన నీళ్ల గిన్నె ఎత్తుకుంది. ఎవరూ తొక్కని చోటు చూసి పారబోయాలి.